వియ్యంకుడితో ఒకే గది

శనివారం

సముద్రం ఉంది. ఆ ముక్క ముందే రాసేస్తే ఒక పని అయిపోతుంది. లాడ్జి మేడ మీద గది, కిటికీ తెరిస్తే ఎదురుగా అదే. నీలంగా, ఇంత పెద్దగా, ఎవరి గోలా తనకు పట్టనట్టు. ఇక పరుపు సంగతి.

స్పాంజి పరుపు. పూల గలేబు తొడిగి పెళ్ళికూతుర్ని చేశారు గాని లోపల సరుకు లేదు. పిడికిలితో అదిమితే కిందికి పోయింది, మళ్ళీ పైకి రావాలా వద్దా అని కాసేపు ఆలోచించింది. జీవితమంతా పరుపులు కుట్టి బతికినవాణ్ణి. మనిషి ముఖం చూసి ఏమీ చెప్పలేను గాని, వాడి పరుపు చూపిస్తే ఏ వైపుకి ఒత్తిగిలి పడుకుంటాడో, పక్కన పెళ్ళాం ఉందో లేదో, ఉంటే ఎవరి మాట చెల్లుతుందో చెప్పేస్తాను.

అసలు సంగతి వదిలేసి పరుపు పట్టుకున్నాను. మా ఆవిడ ఉన్న రోజుల్లో అంటుండేది, "మీరు కాస్త ఉప్పు అడగాలంటే ఉప్పు ఎలా పుట్టిందో దగ్గర్నుంచి మొదలెడతారు" అని.

అసలు సంగతి ఏమిటంటే ఈ గదిలో నేను ఒక్కణ్ణే లేను. మా వియ్యంకుడు ఉన్నాడు.

అమ్మాయి, అల్లుడు, మనవరాలు పక్క గదిలో. పెళ్ళాలు పోయిన మా ముసలాళ్ళిద్దరం ఈ గదిలో. పిల్లల పెళ్ళయి ఇన్నేళ్ళయినా మేమిద్దరం ఒకచోట గంటసేపు కూర్చున్న పాపాన పోలేదు. కలిసినప్పుడల్లా "బాగున్నారా బావగారూ" అని ఆయనా, "మీ దయ బావగారూ" అని నేనూ. అంతటితో ఇద్దరి దగ్గరా సరుకు అయిపోయేది. ఆయన ఒక పెద్ద ఆఫీసు మేడలో లిఫ్టు నడిపేవాడు. పెట్టెలాంటి గదిలో, తలుపుకేసి ముఖం పెట్టి, ఎవరితోనూ ఒక మాట ఎక్కువ మాట్లాడకుండా ఉద్యోగం ముగించిన మనిషి. నేనా, పరుపు మూతి కుట్టగలను గాని నా మూతి కుట్టుకోలేను. మనవరాలు మాకు పేర్లు పెట్టేసింది, లిఫ్టు తాత, పరుపుల తాత అని.

విచిత్రం చూడండి (ఎవర్ని చూడమంటున్నాను, ఇది చదివేది నేనే కదా), ఊరందర్నీ పైకీ కిందికీ చేరవేసిన ఆ పెద్దమనిషి ఉంటున్నది లిఫ్టు లేని నాలుగో అంతస్తులో. మొన్న వానల్లో మెట్ల మీద జారాడు. మోకాలు అప్పట్నుంచీ మాట వినడం లేదు. ఆ మెట్లు ఇక ఎక్కొద్దన్నాడు డాక్టరు.

నా సంగతీ అంతంత మాత్రమే. నా కొట్టు, కొట్టు వెనక నేనుండే గది ఉన్న భవనాన్ని పడగొడుతున్నారు. నెలాఖరుకి ఖాళీ చేయాలి.

కార్లో వస్తుంటే అమ్మాయి చెప్పింది, వాళ్ళకి కొత్త ఇల్లు కుదిరిందట. కింది అంతస్తు, మూడు గదులు. "మాకొకటి, దీనికొకటి... ఇంకొకటి మిగులుతుంది" అంది. అని ఊరుకుంది. అల్లుడు అవసరం లేకుండా దగ్గాడు. నేను నా వైపు కిటికీలోంచి బయటికి చూశాను. ముందు సీట్లో బావగారు తన వైపు కిటికీలోంచి చూస్తూ ఏదో అనబోయాడు, ఈలోగా నేను రోడ్డు గతుకుల సంగతి ఎత్తుకున్నాను.

గది ఒకటి. ముసలాళ్ళు ఇద్దరు. నేను బడిమెట్లు ఎక్కలేదు, పొట్లాల కాయితాలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నవాణ్ణి, అయినా ఈ మాత్రం లెక్క నాకూ వచ్చు. మమ్మల్ని తీసుకొచ్చింది సముద్రం చూపించడానికి కాదు. ఇద్దరిలో ఎవరు సర్దుకుపోయే మనిషో వాళ్ళు చూసుకోవడానికి.

ఆ గది ఆయనకే రావాలి. మోకాలి బాధ మనిషి. నాకేం, దూది గోడౌను వెనక ఒక రేకుల గది ఉంది, అడిగితే ఇస్తారు. నాకు చాలు.

ఆ మూడో గదికి కిటికీ ఏ వైపు ఉందో అమ్మాయిని అడగాలి. ఊరికే.

ఆదివారం

పొద్దున్నే పరువు పోయింది.

గదిలో మంచం ఒకటే. రెండో మనిషికి కింద పరుపు వేస్తామన్నారు. మంచం మీద మీరు పడుకోండంటే మీరు పడుకోండని మొదలైంది. మీ మోకాలు అని నేను, మీ నడుం అని ఆయన. వియ్యాలవారి మర్యాద అంటే తెలిసిందే, తాడు లాగుడు పందెంలాంటిది, కాకపోతే తాడు అవతలివాడి చేతిలో పెట్టడానికి లాగుతాం. చివరికి ఆయన "సరే బావగారూ" అని బాత్రూంలోకి వెళ్ళాడు. గెలిచాననుకుని కింద పరుపు మీద ముసుగు తన్నాను.

తెల్లారి లాడ్జి యజమానురాలు టీ పట్టుకొచ్చి తలుపు తోసింది. మంచం మీద దుప్పటి మడత నలగలేదు. మంచానికి ఈ పక్క నేల మీద నేను, ఆ పక్క నేల మీద వట్టి చాప పరుచుకుని ఆయన. గుమ్మానికి చెరో వైపు కాపలావాళ్ళలా.

"ఏమండీ, మంచంలో గాని పాముందా?" అంది ఆవిడ.

బావగారు లేచి కూర్చుని, "గాలి బాగుందమ్మా కింద" అన్నాడు. ఆ మనిషి నోట అంత పెద్ద అబద్ధం నేనెప్పుడూ వినలేదు.

"పరుపు బాలేదని చెప్పొచ్చుగా, మొహమాటం దేనికి!" అని ఆవిడ నా వంక చూసింది. నేను చెప్పకూడదనుకున్నాను. కానీ పరుపు గురించి అడిగితే నా నోరు నా మాట వినదు. స్పాంజి ఎలా చచ్చిపోతుందో, దానికి కింద పీచు పరుపు ఎందుకుండాలో చెప్పాను. టీ చల్లారిపోయింది. ఆవిడ "అయితే మీరే బాగు చేసి పెట్టండి మరి" అని మూతి తిప్పుకుని వెళ్ళింది.

పొద్దున రొట్టె, గుడ్లు, అరటిపండు. రొట్టె కాల్చిన చెయ్యి మంచిది, అంచులు మాడలేదు. టీ బాగుంది, చల్లారినా బాగుంది. అది మంచి టీ అనడానికి అదే గుర్తు.

మధ్యాహ్నం ఏం వండమంటారని ఆవిడ వచ్చి అడిగింది. నేను నోరు తెరిచేలోగా బావగారు, "మా బావగారికి గుమ్మడికాయ కూర ఇష్టం" అన్నాడు.

గుమ్మడికాయ! చిన్నప్పుడు జబ్బు చేసినప్పుడు పెట్టేవారు. అప్పట్నుంచీ ఆ తియ్యటి వాసన తగిలితే నాకు జ్వరం వచ్చినట్టే ఉంటుంది. కానీ ఆయన అంత ఆప్యాయంగా చెప్పాడంటే ఆయనకి ఎంత ఇష్టమో! తనకి కావాలని అడగలేక నా మీద పెట్టాడు పాపం. "అవునమ్మా, చాలా ఇష్టం" అన్నాను.

రెండుసార్లు వేయించుకున్నాను. ఆయనా రెండుసార్లు వేయించుకున్నాడు. చూశావా, నా ఊహ తప్పు కాదు.

రాత్రికి ఆయన మంచం మీద, నేను కింద. అల్లుడు వచ్చి తేల్చాడు.

సోమవారం

గుమ్మడికాయ.

మంగళవారం

మళ్ళీ గుమ్మడికాయ. యజమానురాలు మా ఇద్దరి కోసం ప్రత్యేకం వండుతోందట. పిల్లలకి చేపల వేపుడు. ఆ వాసన మా బల్ల మీదుగానే వెళ్ళింది.

ఈ లాడ్జిలో నాకు నచ్చినవి: మేడమెట్లు వెడల్పుగా ఉన్నాయి. దుప్పట్లు ఎండలో ఆరేస్తారు, ముఖానికి కప్పుకుంటే ఎండ వాసన. వరండాలో కుర్చీలు నిజంగా కూర్చోవడానికి చేసినవి, ఈ కాలపు కుర్చీల్లా కూర్చున్నవాణ్ణి లేవమని చెప్పవు. నచ్చనివి ఏవీ లేవు. కిటికీ ఒక్కటే. బావగారు గాలి మనిషి, పొద్దస్తమానం తెరిచే ఉంచుతాడు. సముద్రపు గాలి తిన్నగా నా చెవిలోకి వచ్చి కాపురం పెట్టింది. చెవిలో దూది పెట్టుకున్నాను. దూదికి మనకి కరువా?

బాత్రూం దగ్గర కూడా ఇదే తంతు. మీరు వెళ్ళండి, మీరు వెళ్ళండి. ఇద్దరం తువ్వాళ్ళు భుజాన వేసుకుని ఒకరి ముఖం ఒకరం చూస్తూ నిలబడితే మనవరాలు మా మధ్య నుంచి దూరి లోపల గడియ పెట్టుకుంది. ఇంటికి అదొక్కటే తెలివైన మనిషి.

సాయంత్రం ఇసకలో కూర్చుని ఆయనకి ఒక కథ చెప్పాను. ఇది జరిగిన కథే. ఒక జంట నా కొట్టుకి వచ్చారు, మొగుడూ పెళ్ళాలకి క్షణం పడదు. పరుపు మధ్యలో ఈ చివర నుంచి ఆ చివరకి ఒక గట్టు కుట్టమన్నారు, ఎవరి పొలం వాళ్ళది అన్నట్టు. కుట్టాను. మంచి గట్టు, జానెడు ఎత్తు. పండగలా పట్టుకుపోయారు. కొన్నాళ్ళకి ఇద్దరూ కలిసి పరుపు మోసుకుంటూ వచ్చారు. గట్టు తీసేయమన్నారు. "ఏమమ్మా, సఖ్యత కుదిరిందా?" అంటే, "సఖ్యతా నా మొహమా! కోపం వస్తే తన్నడానికి అందటం లేదండీ" అంది ఆవిడ.

బావగారు నవ్వలేదు. సముద్రం వంక చూస్తూ ఉన్నాడు. నాకు చిన్నతనం అనిపించింది. కాసేపయ్యాక లేచి నడుస్తూ నడుస్తూ, ఉన్నట్టుండి ఆగి, పొట్ట పట్టుకుని నవ్వాడు. లిఫ్టు మనిషి. బటన్ నొక్కాక రావడానికి కాస్త టైము పడుతుంది.

అమ్మాయి వరండాలో పట్టుకుంది. "ఎలా ఉంది నాన్నా, మామయ్యగారితో?"

"దేవుడిలాంటి మనిషే. నోట్లో నాలుక లేదు."

"అంటే... నీకు ఇబ్బందేమీ లేదుగా?"

"ఇబ్బందా? ఇద్దరం ఒకరికొకరు ఎదురు చెప్పుకోలేదు ఇంతవరకూ!"

ఎందుకో అమ్మాయి ముఖం చిన్నబోయింది. నేను ఆయన్ని అంతలా పొగిడితే, గది ఆయనకే ఇవ్వాల్సి వస్తుందని కాబోలు దాని బాధ. మంచిదే. నేను కోరుకుంటున్నదీ అదే.

కిటికీ తూర్పు వైపట. అడిగాను. పొద్దుటి ఎండ వస్తుంది, చిన్న చిన్న కుట్టుపనులకి బాగుంటుంది. ఆయనకి కుట్టుపనులు లేవనుకో.

బుధవారం

సంచిలో దబ్బనం, దారం ఎప్పుడూ ఉంటాయి. అందరూ నీళ్ళలోకి వెళ్ళాక యజమానురాలి దగ్గర రెండు పాత బొంతలు అడిగి తీసుకుని, మంచం మీది పరుపు గలేబు విప్పి, స్పాంజి కింద బొంతలు పరిచి, అంచులు కుట్టేశాను. ఆవిడ గుమ్మంలో నిలబడి చూసింది. "నేనేదో ఎకసెక్కానికన్నానండీ, మీరు నిజంగానే మొదలెట్టారే!" అంది. కుట్టడం అయ్యాక పిడికిలితో అదిమాను. పిడికిలిని మర్యాదగా పైకి పంపింది. చాలా రోజులకి చేతికి పని తగిలింది, ఒళ్ళంతా తేలికయింది.

మధ్యాహ్నం ఒడ్డున ఒక పాక హోటల్లో తిన్నాం. నాలుగు బల్లలు, కింద ఇసక, వంటాయన నెత్తికి తువ్వాలు. అప్పుడే పట్టిన చేప, పెనం మీద పడగానే కేక పెట్టింది. అబ్బ! పైన కరకర, లోపల వెన్న. ఈ ప్రయాణంలో ఇంతవరకూ తిన్నదంతా ఒక ఎత్తు, ఈ ముక్క ఒక్కటీ ఒక ఎత్తు.

ఒక సంగతి రాయాలి. ముళ్ళు నా కళ్ళకి ఆనవు ఈ మధ్య. ఎవరితోనూ అనలేదు. ముక్కని అటూ ఇటూ తిప్పి చూస్తూ ఆలస్యం చేస్తున్నాను. బావగారు తన పళ్ళెంలో ముళ్ళు ఏరుతున్నాడు. ఏరిన ముక్కలు ముందు మనవరాలి పళ్ళెంలో పెట్టాడు. తర్వాత, సముద్రం వంకే చూస్తూ, నా పళ్ళెంలో పెట్టాడు.  లిఫ్టు ఎక్కినవాళ్ళని ఏ అంతస్తు అని అడక్కుండానే తీసుకుపోయేవాడట, అమ్మాయి ఎప్పుడో చెప్పింది. కడుపు నిండా తిన్నాను.

ఇలాంటి మనిషికి కాక ఇంకెవరికి ఇస్తారు గది.

గురువారం

ఇవాళ చాలా రాయాలి.

మధ్యాహ్నం భోజనాల దగ్గర అమ్మాయి పెద్ద పెద్ద ఊపిర్లు తీసుకుంది. చిన్నప్పుడు గాజుగ్లాసు పగలగొట్టి చెప్పడానికి వచ్చేముందు అచ్చం ఇలాగే చేసేది. అల్లుడు నీళ్ళు తాగాడు, ఖాళీ గ్లాసులోంచి.

"నాన్నా, మామయ్యగారూ, మేం ఒకటి అనుకున్నాం. ఒకరు మాతో ఉంటారు. ఇంకొకరికి పక్క వీధిలో ఒక గది చూశాం. ఆర్నెల్లకొకసారి మారుతూ ఉంటారు. ఎవరికీ అన్యాయం ఉండదు."

"బాగుందమ్మా" అన్నాను.

"బాగుందమ్మా" అన్నాడు బావగారు, నాతో పాటే, ఒకే గొంతులా.

పక్క వీధి. నాకేం బాధ లేదు. అన్నం ముద్ద మాత్రం ఎందుకో మళ్ళీ పళ్ళెంలో పెట్టేశాను. గుమ్మడికాయ వల్ల.

గదిలోకి వచ్చాం. ఆయన తలుపు మూశాడు. నేను మొదలుపెట్టాను. "ముందు ఆర్నెల్లు మీరు ఉండండి బావగారూ."

"లేదు, మీరు. మీ భవనం నెలాఖరుకి పడగొడుతున్నారు."

"మరి మీ మెట్లు? మీ మోకాలు?"

"నా మోకాలి గొడవ నాది."

"మెట్లు మీవి కావుగా!"

"బావగారూ, ఒక్కసారి నేను చెప్పేది వినండి."

"వింటూనే ఉన్నాగా..."

"ఎక్కడ విన్నారండీ!" ఆ గొంతు ఆయనదేనా అని గది అంతా చూశాను. "వచ్చిన దగ్గర్నుంచీ వినేది నేను! మీరు చెప్పడం, నేను వినడం! కార్లో ఒక మాట మొదలెట్టాను, ఇంతవరకూ పూర్తి చెయ్యనిచ్చారా?"

"మీరు నోరు తెరిస్తే కదా! పొద్దున్నే లేచి తలుపుకేసి ముఖం పెట్టి నిలబడతారు. ఏం, ఎవరన్నా ఎక్కుతారా?"

"మీరు బాత్రూంలో పాడతారు."

"ఏం, పాట బాలేదా?"

"పాటయితే చెప్పేవాణ్ణి!"

నాకు తిక్క రేగింది. "మీకోసం, కేవలం మీకోసం, ఆ దిక్కుమాలిన గుమ్మడికాయ తిని తిని నా ఒంట్లో రక్తం పసుప్పచ్చగా తయారైంది! ఒక్క మాట అన్నానా?"

"నాకోసమా?" ఆయన మంచం మీద కూలబడ్డాడు. మళ్ళీ అంతే వేగంగా లేచాడు. "నాకోసం మీరు తినడమేమిటి? మీకోసం నేను తింటున్నాను! నాకు దాన్ని చూస్తేనే పడదు!"

"నాకిష్టమని ఏ వెధవ చెప్పాడు మీకు?"

"పెళ్ళిలో మళ్ళీ మళ్ళీ వేయించుకున్నది మీరు కాదూ?"

"వడ్డించింది మీరు! కొత్త వియ్యంకుడు గరిటె పట్టుకుని నిలబడితే వద్దని ఎలా అంటాను, పెళ్ళి చెడగొట్టుకోనా?"

ఇద్దరికీ ఒక్కసారే అర్థమైంది. అర్థమయ్యాక నవ్వొచ్చి ఉంటే బాగుండేది. రాలేదు. ఇన్ని రోజులు తిన్న కూరకి ఎవరో ఒకరు బాధ్యులు కావాలి కదా, ఇంకాస్త గొంతు పెంచాం. కిటికీ సంగతి వచ్చింది. ఆయనకీ గాలి పడదట. నేను గాలి మనిషినని తెరిచాడట. "చెవిలో దూది పెట్టుకుంటే గాలి కోసమనుకున్నారా?" అంటే, "మీ వృత్తి కదా, అలవాటేమో అనుకున్నాను" అన్నాడు. మనిషిలో ఇంత విషం ఉందని నాకు ఇన్నేళ్ళుగా తెలియకపోవడం ఏమిటి!

తలుపు దబదబా కొట్టారు.

"నాన్నా! తలుపు తియ్యి! మామయ్యగారూ!"

"ఉండవే, తేల్చుకోనీ!" అని నేను.

"కాసేపాగమ్మా!" అని ఆయన.

ఆ వెనక యజమానురాలి గొంతు, "అందుకే అన్నాను, ఆ గదిలో ఏదో ఉందండీ."

ఆయనే వెళ్ళి గడియ తీశాడు. అమ్మాయి కళ్ళ నిండా నీళ్ళు. అల్లుడి చేతిలో మనవరాలు, దాని ముఖంలో మాత్రం సినిమా చూస్తున్నంత సంబరం.

"తప్పు మాదే" అంది అమ్మాయి. "మీ ఇద్దరికీ పడదని తెలిసి కూడా ఒకే గదిలో పెట్టాం. అసలు మొదట మేం అనుకున్నది మీరిద్దరూ మాతోనే ఉంటారని. ఆ మూడో గది ఇద్దరికీ అని. తీరా ఇక్కడికొచ్చాక చూస్తే అద్దాల బీరువాలో బొమ్మల్లా కూర్చుంటారు. ఒకరు నవ్వితే ఒకరు నవ్వరు. ఏమడిగినా బాగుంది బాగుంది. ఇలా ఉండే మనుషుల్ని జన్మంతా ఒక గదిలో ఎలా పెడతామని..."

అప్పుడు తెలిసింది.  పరీక్ష లేదు. ఉన్న ఒక్క పరీక్షా నేను పెట్టుకున్నది. అందులో నేను మర్యాదగా, బుద్ధిగా, తప్పుతూ వచ్చాను.

బావగారు గొంతు సవరించుకున్నాడు. "పడదని నీకెవరు చెప్పారమ్మా?"

"వీధి చివరిదాకా వినపడుతుంటే ఎవరో చెప్పాలా నాన్నా?" అన్నాడు అల్లుడు.

"మాట్లాడుకుంటున్నాంరా" అన్నాడు ఆయన. "ఇప్పుడే మొదలుపెట్టాం." నా వంక తిరిగాడు. "ఇప్పుడన్నా నా మాట పూర్తి చెయ్యనిస్తారా బావగారూ?"

"కానివ్వండి" అన్నాను.

"కార్లో మీ అమ్మాయి గది సంగతి చెప్పగానే అడగబోయాను. ఆ గదిలో రెండు మంచాలు పడతాయా అని."

అమ్మాయి గుమ్మంలోనే కూర్చుండిపోయింది. నవ్వుతోందో ఏడుస్తోందో ఆ వయసులో దాని తల్లి విషయంలోనూ నేను కనిపెట్టలేకపోయేవాణ్ణి. అల్లుడు గోడ వంక చూస్తూ చేతులు చాపి కొలత వేశాడు. "పడతాయి నాన్నా. దగ్గర దగ్గరగా వెయ్యాలి. మామయ్యా, మీకేమన్నా..."

"నాకు ఒకటే అభ్యంతరం" అన్నాను. అందరూ బిగుసుకుపోయారు. "ఆయన ఆవులించేటప్పుడు చప్పుడు చేస్తారు."

"ఆ మాట నిజమే" అన్నాడు బావగారు.

శుక్రవారం

గుడ్లు. మిరియాలు దంచి వేసి, పెనం మీద. యజమానురాలు మా ఇద్దర్నీ ఎదురుగా నిలబెట్టి, "ఇవాళ నిజం చెప్పి చావండి, ఎవరికేం కావాలి?" అని అడిగింది. నాకు పచ్చసొన కదలాడుతూ ఉండాలి. ఆయనకి రాయిలా ఉడకాలి. గుడ్డుని అలా చంపడం పాపమన్నాను. సగం పచ్చిగా మింగేది పాములన్నాడు. మనవరాలు ఎవరి పక్షమని అడిగితే జామ్ పక్షమంది.

టీలో పంచదార దగ్గర ఇంకో గొడవ. చెప్పుల దగ్గర ఒకటి. కిటికీ దగ్గర ఏమీ లేదు, ఇద్దరం కలిసి మూసేశాం. నేను కుట్టిన పరుపు మీద ఆయన మధ్యాహ్నం చక్కగా నిద్రపోయాడు, లేచి, "కాస్త గట్టిగా ఉంది" అన్నాడు. ఈ మనిషికి కృతజ్ఞత అనేది లేదు.

ఎంత బాగుందో ఇవాళ సముద్రం.

శనివారం

తిరుగు ప్రయాణం. ఊళ్ళోకి రాగానే అమ్మాయి కారు నేరుగా మంచాల కొట్టు ముందు ఆపించింది. ఇంటికి వెళ్ళి ఆలోచించుకుంటామంటే వినలేదు. "మీకు ఆలోచించుకునే టైమిస్తే మళ్ళీ మర్యాదలు మొదలవుతాయి" అంది.

ఆయనకి ఎత్తు మంచం కావాలి, మోకాలికి లేవడం సులువు. నాకు నేలకి దగ్గరగా ఉండాలి. పరుపు మనిషికి మంచం ఎత్తు ఎందుకు?

"మీరంత ఎత్తు మీద కూర్చుంటే నేను రోజూ మిమ్మల్ని తలెత్తి చూడాలా?" అన్నాను.

"చూడమని ఎవరన్నారు? మీ మాటలు వినడానికి నాకు మీ ముఖం కనపడక్కర్లేదు."

"రాజుగారి సింహాసనం తెచ్చుకోండి అయితే!"

"మీరు చాప కొనుక్కోండి, చవకలో పోతుంది!"

"బావగారూ, కర్ర చూడండి, ఇది చెద పట్టే కర్ర."

"మీకు దూది తెలుసు. కర్ర సంగతి మీకెందుకు?"

కొట్టతను చాలా సేపు ఈ మంచానికీ ఆ మంచానికీ మధ్య నిలబడి మా ముఖాలు మార్చి మార్చి చూశాడు. చివరికి మెల్లిగా పక్కకి జరిగి, బల్ల దగ్గర నిలబడ్డ మా అమ్మాయిని గొంతు తగ్గించి అడిగాడు. నాకు చెవిలో దూది ఇప్పుడు లేదు, వినపడింది.

"రెండిళ్ళకీ వేరువేరుగా పంపమంటారా అమ్మా?"

"కాదండీ, ఒకే ఇంటికి. ఒకే గదికి."

కొట్టతను మళ్ళీ మా వైపు చూశాడు. ఆ సమయానికి నేను ఎత్తు మంచం మీద ఎక్కి కూర్చుని కాళ్ళు ఎలా వేలాడుతున్నాయో చూపిస్తున్నాను, బావగారు నన్ను దిగమంటున్నాడు.

"గది బాగా పెద్దదా అమ్మా?"

"లేదండీ, చిన్నదే" అంది మా అమ్మాయి, హాయిగా.